మూసారాంబాగ్ – ఒక పరదేశి స్మృతి

నల్లగొండ నుండి హైదరాబాదుకు వచ్చే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. ఈ పేరుకు మూసీ నదితో గాని శ్రీరామునితో గాని సంబంధం లేదు. ఇది ఒక ఫ్రెంచి సేనాని పేరు. ఫ్రెంచివారు గౌరవంగా పలికే 'ముస్యే రేమండ్' అన్న పిలుపు హిందువుల నోట మూసారాముడుగా, ముస్లింల నోట మూసారహీముగా మారింది.

ఓడ దిగిన పరదేశి రాజుకు ఆంతరంగికుడు కావడం చరిత్రలో అరుదు. 1790లో హవాయి దీవిలో చిక్కుపడిన ఆంగ్ల నావికుడు జాన్ యంగ్ అక్కడి రాజైన కమేహమేహాకు సలహాదారు అయ్యాడు. ఆ కాలంలోనే దక్కనులో రేమండ్ అటువంటి విశ్వాసాన్ని పొందాడు.

1755లో ఫ్రాన్సులో జన్మించిన రేమండ్ 1775లో వ్యాపారార్థం పుదుచ్చేరి చేరాడు. కొంతకాలం మైసూరు పక్షాన పోరాడి, తరువాత ఫ్రెంచి సేనాధిపతి బుస్సీ వద్ద పనిచేశాడు. 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. 300 మందితో ఆరంభమైన అతని దళం కాలక్రమంలో సుమారు 14,000కు పెరిగింది. ఫిరంగులు పోతపోయడానికి అతడు నెలకొల్పిన కర్మాగారం వల్లనే నగరంలో ఒక ప్రాంతానికి గన్‌ఫౌండ్రీ అన్న పేరు నిలిచింది.

ఆ విశ్వాసానికి 1795లో పరీక్ష ఎదురైంది. ఖర్దా యుద్ధంలో నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. ఆ సంవత్సరమే అతని కుమారుడు అలీజా తిరుగుబాటు చేశాడు. కన్నకొడుకే కత్తి దూసిన వేళ ఆ తిరుగుబాటును అణచి సింహాసనాన్ని కాపాడినవాడు పరదేశి అయిన రేమండ్.

అయితే ఫ్రెంచి అధికారుల చేతిలో ఉన్న ఈ బలం ఆంగ్లేయులకు కంటిలో నలుసైంది. 1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆంగ్ల సేనలు ఆ దళాన్ని చుట్టుముట్టి నిరాయుధం చేశాయి. పుష్కరకాలం శ్రమించి కూర్చిన సైన్యం ఏడు నెలలలో అంతరించింది. ఒక్క వ్యక్తిని ఆశ్రయించిన బలం ఆ వ్యక్తితోనే అస్తమిస్తుందనడానికి ఇది నిదర్శనం.

మూసారాంబాగ్ సమీపంలోని గుట్టపై రేమండ్ సమాధి ఉంది. అక్కడి నల్లరాతి స్తంభంపై అతని పేరులోని రెండు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. మరణానంతరం చాలాకాలం జనులు ఏటా అక్కడ చేరి దీపాలు వెలిగించి నివాళి అర్పించేవారు. రాజు ఇచ్చిన పదవి అతనితోనే ముగిసింది. ప్రజలు పెట్టిన పేరు మాత్రం నేటికీ వారి నాలుకపైనే ఉంది.