మలివయస్సున తెరచాప

ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ పర్వతపంక్తి పాదములకడ గార్డా అను సరస్సు కలదు. దక్షిణమున మైదానములోనికి విశాలముగా పరచుకొని, ఉత్తరమునకు పోను పోను ఇరుకై, నిట్టనిలువు కొండచరియల నడుమ చొచ్చుకొనిపోయి, రీవా, టోర్బోలే అను రెండు ఊళ్లయొద్ద ముగియు ఈ జలరాశి వైశాల్యము సుమారు 370 చదరపు కిలోమీటర్లు; లోతు కొన్నిచోట్ల 340 మీటర్లకు మించును. వేసవిలో ఆకాశము నిర్మలముగానున్న దినములందు ఇచ్చటి గాలి తన వేళ తప్పదు. రాత్రి చల్లబడిన కొండగాలి తెల్లవారుజామున సరస్సుమీదికి దిగి ఉత్తరమునుండి దక్షిణమునకు వీచును; దానిని స్థానికులు పెలేర్ అందురు. పొద్దెక్కి లోయలు వేడెక్కి అచ్చటి గాలి పైకి లేచినకొలది, ఆ వెలితిని పూరించుటకు దక్షిణపు మైదానమునుండి వేరొక గాలి బయలుదేరి మధ్యాహ్నమునకు టోర్బోలే తీరమును చేరును; అది ఓరా. ఓరా తొలి అలజడి నీటిపై కనబడు వేళకు, ఒడ్డున బోర్డులు దింపుకొనువారిలో నెరసిన తలలు పెక్కు కనబడును. వీరు శరవేగమును కోరి వచ్చినవారు కారు. నిలుచుండుటకు ఒక పలక, పట్టుకొనుటకు ఒక తెరచాప, మితమైన గాలి, ఇవి చాలుననుకొని వచ్చినవారు. అట్టి పాతకాలపు విండ్‌సర్ఫింగ్ మలివయస్సునకు ఏల ఇంతగా ఒప్పినదో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట ఆ సాధనమెట్టిదో చెప్పవలెను. సుమారు 12 అడుగుల పొడవు, మనిషి బరువును నిశ్చింతగా మోయగల వెడల్పు గల పలక; దానిపై నిలిచిన కొయ్య; కొయ్యకు త్రికోణాకారమైన తెరచాప; ఆ తెరచాపను ఇరుప్రక్కల చుట్టి చేతులకు పట్టునిచ్చు బూమ్; పక్కకు కొట్టుకొనిపోకుండ పలకనడుమనుండి నీటిలోనికి దిగు డాగర్‌బోర్డు; తోకక్రింద చిన్న ఫిన్. ఇంతకుమించి ఏమియు లేదు. హైదరాబాదు హుసేన్‌సాగరమున జరుగు తెరచాప పడవల పోటీలను చూచినవారికి, ఆ పడవలలో కొయ్య కదలక బిగింపబడియుండుటయు, వెనుక చుక్కాని యుండుటయు తెలిసినదే. ఇచ్చట చుక్కాని లేదు, కొయ్యకు బిగింపును లేదు. కొయ్య అడుగున నన్నిదిక్కులకు వంగి తిరుగు కీలు ఒకటి యున్నది. కొయ్యను నిలిపియుంచునది మనిషి చేతులే. కొయ్యను ముందునకు వాల్చినచో గాలి త్రోపు పలక ముందుభాగమున పడి ముక్కు గాలికి ఎడముగా తిరుగును. వెనుకకు వాల్చినచో ముక్కు గాలివైపునకే మళ్లును. పడవకు తాళ్లును చుక్కానియు చేయు పనినంతటిని ఇక్కడ ఒక మానవదేహము చేయుచున్నది. ఈ క్రీడయందలి రహస్యమంతయు, ఆనందమంతయు ఈ ఒక్క విషయముననే యున్నదని నా నమ్మకము.

ఇది ఎవరి ఊహయని వివాదము కద్దు. 1958లో ఇంగ్లండునందలి హేలింగ్ ద్వీపమున పీటర్ చిల్వర్స్ అను పండ్రెండేండ్ల బాలుడు పలకపై తెరచాప నిలిపి తిరిగెను. 1964లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున న్యూమన్ డార్బీ అట్టిదే నిర్మించి, మరుసటి ఏట ఒక ప్రసిద్ధ పత్రికలో దాని నిర్మాణవిధానమును ప్రకటించెను. 1967లో దక్షిణ కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అను విమానశాస్త్ర ఇంజనీరును, ఆయన మిత్రుడు హోయిల్ ష్వైట్జరును కలిసి, అన్నివైపుల తిరుగు కీలును చేర్చి సాధనమును నేటి రూపమునకు తెచ్చిరి. 1970లో వారికి పేటెంటు లభించినది. తరువాతి కాలమున బ్రిటిష్ న్యాయస్థానము చిల్వర్స్ బాల్యప్రయత్నమును ప్రమాణముగా గైకొని అచ్చటి పేటెంటును చెల్లదనెను. ఆకాశపుటంచులను తాకిన ఎక్స్-15 రాకెట్ విమానముతో సంబంధముగల డ్రేక్ వంటి ఇంజనీరు, నిలుచున్న మనిషి చుక్కాని లేకుండ పలకను ఎట్లు త్రిప్పగలడను చిన్న ప్రశ్నకు అంత శ్రద్ధ వెచ్చించుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

1970ల యూరపులో ఈ పలక దావానలమువలె వ్యాపించినది. సరస్సు లేని ఊరు లేదన్నట్లుండు హాలండు, జర్మనీ దేశములందు కుటుంబములకు కుటుంబములే కారుపైన బోర్డు కట్టుకొని వారాంతమున నీటిగట్టు చేరెడివి. 1984లో లాస్ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దీనికి స్థానము లభించి, తొలి స్వర్ణపతకము డచ్చి యువకుడు స్టెఫాన్ వాన్ డెన్ బెర్గ్‌కు దక్కెను. కాని ఆ దశాబ్దముననే క్రీడ దారి మారినది. హవాయి ద్వీపములలోని పెనుగాలులను, పెద్ద కెరటములను గెలిచిన వీరులను చూచి లోకము మోహపడెను. బోర్డులు పొట్టివై, బరువు తగ్గి, వేగమునకే పుట్టినవయ్యెను. అట్టి పొట్టి బోర్డు నీటిపై జారునంతటి వేగమందినప్పుడే మనిషిని పూర్తిగా మోయును. గాలి చాలనినాడు కాళ్లక్రింద కుంగిపోవును. పెనుగాలి వారమునకొకసారి కూడ రాని ఊళ్లలో మామూలు మనుష్యులు ఎదురుచూచి ఎదురుచూచి, బోర్డును కొట్టములోనికి నెట్టి, వేరొక వినోదమును వెదకికొనిరి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బోర్డు నీటిని వీడి, క్రిందనున్న రెక్కవంటి ఫలకముపై గాలిలో తేలుచు పరుగెత్తినది. ఆ యువకుల సాహసమును నేను మనసారా మెచ్చుకొందును. అయినను, ఒక క్రీడ తనలోని మేటివారి కోరికనే అందరి కోరికగా భావించినప్పుడు సామాన్యుడు వెలియగునను దుఃఖము నాకు తీరలేదు.

ఆ సామాన్యులే నేడు అరువదేండ్లు, డెబ్బదేండ్లు మీదబడి మరల పొడవాటి పలకను వెలికితీయుచున్నారు. వృద్ధాప్యమున బలము తగ్గుననుట సత్యమే. కాని ఈ క్రీడ ప్రధానముగా బలమునకు సంబంధించినది కాదు. నీటిలో పడియున్న తెరచాపను త్రాటితో లేపునప్పుడు, తెలియనివాడు నడుము వంచి చేతులతో లాగి, క్షణములో అలసి, రాత్రి నడుమునొప్పితో బాధపడును. తెలిసినవాడు మోకాళ్లు కొద్దిగా మడిచి, వీపు నిటారుగా నుంచి, తన దేహభారమును వెనుకకు వాల్చి ఊరకుండును. నీరు తెరచాపపైనుండి మెల్లగా జారిపోగా అది తానే పైకి వచ్చును. గాలిలో నిలుచుటకును ఇదియే సూత్రము. తెరచాప ముందునకు లాగుచుండగా మనిషి వెనుకకు వాలును. రెండు భారములు తూగినప్పుడు చేతులకు శ్రమ లేదు. బూమ్‌నుండి వ్రేలాడు త్రాటికి నడుముపట్టీ కొక్కెమును తగిలించినచో ఆ లాగుడును దేహమే భరించును. ఇరువదేండ్లవాడు బలముతో పోరాడి నేర్చుకొను దానిని, అరువదేండ్లవాడు పోరాడలేకపోవుటచేతనే త్వరగా గ్రహించును.

గాలి గంటకు 10 మొదలు 20 కిలోమీటర్ల వరకు వీచుచు, అక్కడక్కడ మాత్రమే తెల్లని నురుగు కనబడు దినము దీనికి ఉత్తమమైనది. అట్టి దినమున నీటిని చదువుట ఒక విద్య. దూరమున నీటిపై ఒక నల్లని మచ్చ పుట్టి ముడతలుముడతలుగా దరిజేరినచో అది రానున్న గాలితెర. అది తాకకముందే దేహము వాలుటకు సిద్ధముకావలెను. పడవలో కూర్చున్నవానికి తాళ్లమీదుగా వచ్చు వార్త, ఇచ్చట అరచేతులకును పాదములకును నేరుగా చేరును. గాలికి ఎదురుగా సూటిగా పోవుట ఏ తెరచాపకును సాధ్యముకాదు. కావున ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాలుగా నడచుచు, ప్రతి మలుపునందును కొయ్యముందునుండి చిన్నచిన్న అడుగులతో చుట్టివచ్చి ఆవలిప్రక్క పట్టు దొరకబుచ్చుకొనవలెను. ఆ నాలుగడుగులు తడబడకుండ పడిన దినమున మనస్సునకు కలుగు తృప్తి ఇంతింత యనరానిది. డెబ్బదేండ్లవానికి తన దేహము ఇంకను తన మాట వినుచున్నదని తెలిసికొనుటకు ఇంతకంటె మధురమైన నిదర్శనమేమున్నది? పాదము క్రిందనున్న పలక నిరంతరము కదలుచుండుటచే, చీలమండలు, మోకాళ్లు, నడుము క్షణక్షణము సర్దుకొనుచుండును. నేలపై తూలిపడుదునేమోయని భయపడు వయస్సున ఈ అభ్యాసము విలువ చిన్నది కాదు. నీటిపై పడినచో వస్త్రములు తడియును, మరల ఎక్కవచ్చును.

గార్డా సరస్సు ఉత్తరభాగమున ప్రయాణికుల నావలు తప్ప సొంత మోటారు పడవలు నిషిద్ధములు. కావున పలకక్రింద నీరు చప్పుడు చేయుట చెవికి స్పష్టముగా వినవచ్చును. ఈ సరస్సు చరిత్రయును చిన్నది కాదు. 1439లో వెనిస్ నగరపు రాజ్యము తన యుద్ధనౌకలను కొండలమీదుగా మోయించి టోర్బోలేకడ ఈ నీటిలో దింపించినది. 1786 సెప్టెంబరులో జర్మన్ మహాకవి గ్యోటే టోర్బోలేనుండి పడవలో దక్షిణమునకు బయలుదేరగా, ఎదురుగాలి వచ్చి ఆయనను మాల్చెసినే రేవునకు చేర్చెను. అచ్చటి శిథిలదుర్గమును చిత్రించుచుండగా జనులు ఆయనను గూఢచారియని అనుమానించిరి. గాలి తన చిత్తము వచ్చినట్లు మనిషిని నడపుననుటకు తార్కాణముగా ఈ ఉదంతమును ఆ తీరమున ఇప్పటికిని చెప్పుకొందురు.

పొడవాటి పలకకు మరల ఆదరము పెరుగగా, నాటి ఆకృతినే నిలిపి బరువును సుమారు 15 కిలోలకు తగ్గించిన విండ్‌సర్ఫర్ ఎల్‌టీ అను బోర్డు వెలువడినది. దానిపై జరుగు పోటీలలో శరీరభారమును బట్టియు, వయస్సును బట్టియు తరగతులుండును. తాతయు మనుమడును ఒకే గాలిలో, ఒకే రకము బోర్డుపై, ఒకే గురుతు చుట్టి రావచ్చును. డ్రేక్ సహితము తన ముదిమియందు, 2012లో మరణించుటకు కొన్నేండ్ల ముందు, సామాన్యులు సులభముగా నిలువదగిన వెడల్పు బోర్డుల రూపకల్పనకు తోడ్పడెను.

కొన్ని జాగ్రత్తలు మాత్రము తప్పనిసరి. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక నీటిలో దిగరాదు. చల్లని నీటిలో రబ్బరు ఉడుపును, అన్నిచోట్ల తేలుడు చొక్కాను ధరింపవలెను. ఒడ్డునుండి లోపలికి వీచు గాలిలో ఒంటరిగా పోరాదు, ఏలయన పోవుట సులభము, తిరిగివచ్చుట కష్టము. గాలి ఆగిపోయినచో తెరచాపను కొయ్యకు చుట్టి పలకపై పెట్టుకొని, బోర్లపరుండి చేతులతో నీరు తోసికొనుచు రావచ్చును. ఏమైనను పలకను విడిచి ఈదరాదు. అమెరికాలోగాని యూరపులోగాని బిడ్డల యొద్ద నివసించుచు, ఎవరి కొట్టముననో దుమ్ముపట్టియున్న పాత బోర్డు చవుకగా దొరకినదని సంతోషించు మన తెలుగు పెద్దలు మొదట కొయ్య అడుగు కీలును చూడవలెను. దాని రబ్బరు ఎండి బీటలు వారియున్నచో, నడిసరస్సున కొయ్య పలకనుండి ఊడిపోవును; కావున కొత్త కీలు వేయించవలెను. డాగర్‌బోర్డు దిగు గాడిలో ఇసుక చేరలేదు గదాయని పరీక్షించి, బోర్డును ఒకసారి ఎత్తి చూడవలెను. ఉండవలసినదానికంటె బరువున్నచో లోపలికి నీరు ఇంకినదని గ్రహించి, అది ఎంత చవుకైనను కొనక విడిచిపెట్టవలెను.