మా ఇంట్లో సముద్రం

హైదరాబాదుకు సముద్రం లేదన్న సంగతి మా అమ్మ ఇంతవరకూ క్షమించలేదు. భీమునిపట్నంలో పుట్టి, అక్కడే మెట్టి, డెబ్భై ఏళ్లు అలల చప్పుడు విన్న మనిషి. నాన్నగారు పోయాక ఉప్పల్‌లోని మా ఇంటికి తీసుకువచ్చాను. మెట్రో స్టేషను చూపించాను, క్రికెట్ స్టేడియం చూపించాను. అన్నీ చూచి, "బాగానే వుంది గాని, ఈ గాలికి ఉప్పు లేదురా" అన్నది.

అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి. సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైనున్న ఊళ్లో, మా హాల్లో, చిన్న సముద్రాన్ని కట్టాలని! మా అమ్మాయి ఎగిరి గంతేసింది. మా ఆవిడ మాత్రం "ఎంతవుతుందండీ?" అని ఒక్కమాటే అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఈనాటివరకూ సరైన జవాబు చెప్పలేదు.

నేను పనిచేసేది నాచారం పారిశ్రామికవాడలో. అక్కడే ఇనుప స్టాండు వెల్డింగు చేయించాను. తొట్టి పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు, ఎత్తు 45 చొప్పున. అంటే 182 లీటర్లు. నీళ్లు, అద్దం, రాళ్లు కలిస్తే పావుటన్ను! అందుకని గోడవార, దూలం మీదకు వచ్చేటట్టు పెట్టాను. దాని కింద మరో చిన్న తొట్టి. దాన్నే సంప్ అంటారు.

సంప్ అంటే ఏమిటో అమ్మకు చెప్పడానికి చెరువులే పనికివచ్చాయి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీళ్లు పోతాయి గదా? ఇక్కడా అంతే. పై తొట్టి అంచున కోసిన అలుగు మీదుగా నీళ్లు గొట్టంలో పడి కిందికి దిగుతాయి. మొదటి అరలో గుడ్డ సంచీ చెత్తను పడుతుంది. రెండో అరలో స్కిమ్మర్ అనే యంత్రం సన్నని బుడగలు పుట్టిస్తుంది. పప్పు ఉడికేటప్పుడు నురగ తేలినట్టు, నీటిలోని మురికి నురగై పైకి వస్తుంది. మూడో అరలోని పంపు శుభ్రమైన నీటిని తిరిగి పైకి ఎక్కిస్తుంది.

"ఉప్పేగా, వంటింట్లో వున్నదిగా!" అన్నది అమ్మ. చాలదు. సముద్రంలో వట్టి ఉప్పే కాదు, మెగ్నీషియం, కాల్షియం వంటివీ వుంటాయి. అందుకే ప్రత్యేకమైన ఉప్పు కొని, ఆర్‌వో నీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపాను. రెండు తొట్లకూ కలిపి దాదాపు ఎనిమిది కిలోలు పట్టింది.

తరువాత ఆరువారాలు ఖాళీ తొట్టి! చేపల మలినం నుంచి అమోనియా పుడుతుంది. అది విషం. దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాళ్లలో కాపురం పెట్టేదాకా చేపలను వేయకూడదు. నేను మట్టి కాల్చి చేసిన గుల్లరాళ్లు పేర్చి, రోజూ చిటికెడు చేపల మేత వేసి కాచుకు కూర్చున్నాను. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ "చేపలేవీ?" అని అడగడం, మా ఆవిడ "కరెంటు బిల్లు వుంది, చూస్తారా?" అనడం!

ఏడోవారంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. పావుగంటలో మా ఆవిడ కేక వినిపించింది. సంప్ పొంగి, ఉప్పునీళ్లు వంటింట్లోకి పారి, బియ్యం బస్తా కింద చేరాయి. తప్పు నాదే. నీళ్లు పైకి వచ్చే గొట్టం మూతిని ఎనిమిది సెంటీమీటర్ల లోతున ముంచాను. పంపు ఆగగానే అదే గొట్టం నీటిని వెనక్కు పీల్చింది. ఎనిమిది సెంటీమీటర్లంటే 32 లీటర్లు. నా సంప్‌లో ఖాళీ 21 లీటర్లే! మిగిలిన పదకొండూ బియ్యానికి దక్కాయి.

మర్నాడు గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న చిల్లు పొడిచాను. నీరు కాస్త తగ్గగానే గాలి దూరి పీల్పు ఆగిపోతుంది. చిల్లు మూసుకుపోయినా ప్రమాదం లేకుండా, సంప్‌లో 33 లీటర్ల చోటు ఖాళీగా వుంచాను. ఇలాంటి తొట్టి పెట్టదలచినవారు చేపలను కొనకముందే పంపు ఆపి చూడండి. వైర్లు ప్లగ్గు కంటె కిందికి వేలాడి పైకి వచ్చేటట్టు అమర్చండి. వైరు వెంబడి జారే నీటిచుక్క కిందే రాలిపోతుంది.

అసలు గొడవ పగడాల దగ్గర వచ్చింది. ఒక వర్తకుడు కొమ్మలు కొమ్మలుగా వున్న పగడం ఫొటో చూపించి, "రేపే తెప్పిస్తాను" అన్నాడు. మా అమ్మాయి అదే కావాలని పట్టుపట్టింది. కాని, రాతిగూడు కట్టే పగడాలన్నిటికీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ వుంది, 2001లో చేర్చారు. పులికి ఎంత రక్షణో దానికీ అంత! 1998లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, మన్నారు సింధుశాఖలో పగడాలు తెల్లబారి ఎన్నో చచ్చిపోయాయి. ఇదంతా చెప్పినా పిల్ల మూతి ముడుచుకునే వుంది.

అప్పుడు అమ్మ నెమ్మదిగా అన్నది: "సముద్రం దగ్గరనుంచి తెచ్చినదాన్ని ఇంట్లో ఒకదాన్ని పెట్టుకున్నారుగా. మరొకటి ఎందుకే తల్లీ?"

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఫొటో మాట మా అమ్మాయి మళ్లీ ఎత్తలేదు.

చివరకు ఆ జాబితాలో లేని మెత్తని జాతులను రెండింటిని, మరొకరి తొట్టిలో పెరిగినవాటినుంచి కోసిన ముక్కలుగా తెచ్చుకున్నాం. సముద్రంలో పట్టినవి కాక, తొట్లలోనే పొదిగి పెంచిన క్లౌన్ చేపల జంటను కొన్నాం. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వీటిని తొట్లలో పొదిగించే పద్ధతిని రూపొందించారు. ఈ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఇది విని మా ఆవిడ ఎంతో సంతోషించింది.

ఇప్పుడు తొట్టి పెత్తనం ఆవిడదే. వేసవిలో రోజూ లీటరుకు పైగా నీరు ఆవిరవుతుంది. నేను ఉప్పునీళ్లు పోయబోతే, "పులుసు మరిగి చిక్కబడితే నీళ్లు పోస్తాం గాని, మళ్లీ ఉప్పు వేస్తామా?" అన్నది. నిజమే! పోయేది నీరే, ఉప్పు అక్కడే వుంటుంది. ఎండలకు తొట్టి వేడెక్కకుండా సంప్ మీద చిన్న ఫ్యాను పెట్టాం. కుండలో నీరు చల్లబడినట్టే ఇదీ చల్లబడుతుంది.

అమ్మ సాయంత్రాలు తొట్టిముందు కుర్చీ వేసుకు కూర్చుంటుంది. అలుగు చప్పుడు వింటుంది. "చప్పుడు కాస్త దగ్గరగానే వుందిరా, కాని ఇది సముద్రం కాదు" అన్నది మొన్న. కాదు మరి.

వచ్చే సంక్రాంతికి అందరికీ భీమిలి టిక్కెట్లు కొన్నాను. ఆ వారంరోజులూ తొట్టిని ఎవరు చూచుకుంటారన్నదే ఇప్పుడు మా ఇంట్లో తెగని సమస్య.