మినుపచేనిలో కలుపు

పండుగనాడు గారెలు వండని తెలుగిల్లుండదు. మినపసున్నియుండ రుచి యెరుగని పసివాడుండడు. పప్పు నానవేయుటకు ముందు చేటలో పోసికొని రాళ్లేరుట మనలో ప్రతి యిల్లాలికిని తెలిసిన పనియే. కాని యా గింజ యింకను చేనిలో నున్నప్పుడే దానికై మరియొక యేరుడు జరిగినదనియు, ఆ పనిచేసిన చేతులును ఆడవారి చేతులే యనియు మనము తలచుట యరుదు. చేటలోని రాయి పంటికి మాత్రమే చేటు. చేనిలోని కలుపు పంటకే చేటు. ఆ కలుపును గూర్చి, దానిని మన రైతులు తొలగించు విధమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మాది నెల్లూరు సీమయందలి తోటపల్లి గూడూరు. తూర్పున సముద్రము, ఊరిచుట్టును పెన్న కాలువల నీటితో పండెడి మాగాణులు, తీరమునకు పోవుకొలది ఇసుకనేలలు. ఇచట వరియే రాజు. అయినను వరి కోసిన పిమ్మట పదును మిగిలిన తావులందును, మెరకచెక్కలందును మినుములు, పెసలు వేయుట కలదు. పప్పుజాతి గింజలైన వీనినన్నిటిని రైతులు అపరాలందురు. వరి మాగాణిలో మినుము చల్లుటకు కృష్ణా, గుంటూరు మండలముల డెల్టాభూములు పేరెన్నిక గన్నవి. అచట వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, ఇంకను పైరు నిలిచియుండగనే, తడినేలపై మినుములు వెదజల్లుదురు. దున్నుట లేదు, నీరు పెట్టుటయు సాధారణముగా లేదు. నేలలో మిగిలిన తేమయు, రాత్రి కురిసిన మంచునే యాధారముగా గొని యా పైరు పండును. ఇది మన పెద్దలు కనిపెట్టిన పొదుపులలో నొకటి.

కలుపు అపరాలకేల యింత హాని చేయును? మినుము 70 మొదలు 90 దినములలో చేతికి వచ్చు పైరు. అందు మొదటి నెల దానికి బాల్యము. ఆకులు విప్పి నేలను కప్పుకొనుటకు దానికా నెల పట్టును. కలుపు మొక్క కట్టి నిరీక్షణ లేదు. అది మొలచిన నాటినుండియే నీటిని, వెలుతురును, నేలలోని సారమును దోచుకొనును. కావున మొదటి 30 దినములు చేను శుభ్రముగా నుండెనా, అటుపై మినుము తన నీడతోనే కొత్త కలుపు నణచుకొనగలదు. ఆ నెల తప్పినచో తరువాత నెంత తీసినను పోయిన గింజ తిరిగి రాదు. పసిబిడ్డకు పాలు తప్పిన నెలను పెద్దయైన తరువాత విందులతో పూరింపగలమా? ఇంతేకాదు, మినుమునకు పల్లాకు తెగులు తెచ్చెడి తెల్లదోమకు కలుపు మొక్కలు విడిదియిండ్లు. సంస్కృతమున కృషిపరాశరమను సేద్యగ్రంథము సైతము పైరునుండి తృణమును తీసివేయవలెనని ప్రత్యేకముగా చెప్పినది. మన ఊళ్లలో నిదే మాట సామెతయైనది: కలుపు తీయనివాడు కోత కోయడు.

మెట్టచేలలో కలుపు నణచుట విత్తుటకు ముందే మొదలగును. వేసవిలో లోతుగా దున్నినచో తుంగగడ్డలును, గరికవేళ్లును పైకి తేలి యెండకు మాడును. తొలివాన పడినంతనే విత్తక, కలుపును మొలవనిచ్చి, మరల దున్ని, అటుపిమ్మట విత్తువారు తెలివైనవారు. విత్తనము వెదజల్లక గొర్రుతో సాళ్లుగా వేసి, సాలునకు సాలునకు 30 సెంటీమీటర్ల యెడముంచినచో ఆ నడుమ గుంటక తోలుటకు వీలగును. విత్తిన 20 దినములకొకసారి, 35 దినముల ప్రాంతమున మరియొకసారి గుంటకయు, చేతికలుపును నడచుట పాత పద్ధతి. గుంటక సాళ్ల నడుమ కలుపును మాత్రమే కోయగలదు. మొక్క మొదలును పెనవేసికొనియున్న దానిని కలుపుకత్తితో, చేతితో, వంగి తీయవలసినదే. పూత వచ్చిన పిమ్మట చేనిలో త్రొక్కులాట తగదు, పూవు రాలును.

మాగాణి మినుము సంగతి వేరు. అచట సాళ్లు లేవు, గుంటక సాగదు. కోసిన వరిమోళ్లు మరల చిగిర్చి తామే కలుపగును. రాలిన వడ్లు మొలచును. ఊద మొదలైన గడ్డిజాతులును, వెడల్పాకు మొక్కలును మినుముతో కలసి మొలచును. వరిని నేలమట్టముగా కోయుట, పనలను త్వరగా తీసివేయుట, గింజను పలుచగా గాక ఎకరమునకు 16 మొదలు 18 కిలోల వరకు సమముగా చల్లి పైరును దట్టముగా లేపుట, ఇవియే రైతు చేతనున్న తొలి యుపాయములు. దట్టమైన పైరే కలుపునకు మొదటి శత్రువు.

ఈ మాగాణులందు బంగారుతీగ యను కలుపొకటి కలదు. పేరు విని మురియరాదు. దీనికి ఆకులు లేవు, పైరునంటుకొనిన తరువాత వేళ్లును లేవు. పసుపు దారమువలె మినుమునకు చుట్టుకొని, దాని కాడలోనికి చూషకములు దింపి, ఆ రసముతోనే బ్రతుకును. ఒక మొక్కనుండి పక్కమొక్కకు ప్రాకి చేనిలో పసుపు మచ్చలుగా కనబడును. దీని తునక యొక్కటి పైరుపై పడినను మరల నంటుకొనును. కావున పట్టి లాగుట పనికిరాదు. పూయకమునుపే, తీగ చుట్టిన మినుపమొక్కలతో సహా పెరికి, గట్టుమీద కాల్చివేయవలెను. దీని విత్తనములు నేలలో పదేండ్లకు పైగా చావక యుండగలవు. వరి, జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పైరులను ఇది సాధారణముగా పట్టదు. అందుచేత ఇది ముదిరిన చేలలో పైరు మార్చుట మంచి యుపాయము.

ఇచట ఇల్లాలి చేతిలోనున్న పనియొకటి చెప్పెదము. బంగారుతీగ ఒక యూరినుండి మరియొక యూరికి నడచివచ్చునది కాదు. విత్తనములతో కలసి వచ్చును. దాని గింజ ఆవగింజకంటె చిన్నది, మినుపగింజ పెద్దది. విత్తనము కట్టుటకు ముందు సన్నని కన్నుల జల్లెడలో జల్లించినచో అది క్రింద రాలిపోవును. రాలినదానిని పెరటిలో పారబోయరాదు, పశువులకు పెట్టరాదు. పశువు కడుపులో దూరి పేడతో బయటపడియు నది మొలవగలదు. పొయ్యిలో వేయుటయే మేలు. ఒక్కపూట జల్లెడపట్టుటచే పదేండ్ల బాధ తప్పును.

ఇక మా యనుభవము. మా అత్తగారి పాలికి వచ్చిన అర ఎకరము మెరకచెక్క యున్నది. అందు మినుము వేయించుట ఆమెకు వాడుక. ఒకయేడు కోతల తొందరలో కూలీలు దొరకలేదు. దొరకినవారడిగిన కూలి యెక్కువయని మేమే వెనుదీసి, కలుపును రెండు వారములు జాగుచేసితిమి. ఆ యేడు మునుపటి పంటలో సగమైనను రాలేదు. మిగిల్చితిమనుకొన్న కూలికి కొన్నిరెట్లు చేనిలోనే పోయినది.

మరుసటి యేడు మందు కొట్టించితిమి. మందు మంచిదే, గడ్డి చచ్చినది. కాని రెండు దినములలో చేని యొక అంచున మినుపాకులు ముడుచుకొని, కాడలు మెలిదిరిగినవి. విచారింపగా, కొట్టినవాడు తెచ్చిన పిచికారి యంతకుముందు వరిలో 2,4-డి కొట్టినదనియు, దానిని సరిగా కడుగలేదనియు తేలినది. 2,4-డి వెడల్పాకు మొక్కలను చంపును. వరి గడ్డిజాతి గనుక తాళును. మినుము వెడల్పాకు పైరు గనుక తాళదు. అడుగున మిగిలిన కొంచెమే అంత పని చేసినది. నాటినుండి మినుమునకు వేరు పిచికారి వాడుచున్నాము.

అప్పుడే మాకు మరియొక సంగతి తెలిసినది. ఏటేట మా చేనిలో కలుపు తీసెడి ముసలమ్మ యొకతె దారిలో కనబడి, «మందు కొడితే గడ్డి పోయింది, సరే. మా కూరాకు గూడా పోయిందమ్మా» అన్నది. మేము నిలిచిపోతిమి. కలుపు తీసి యింటికి పోవునప్పుడు ఆమె యొడిలో చెంచలికూరయు, పావిలికూరయు, అడవితోటకూరయు నుండెడివి. గుంటగలగర యాకు నూనెలో కాచుకొని తలకు రాసికొనెడిది. మాకది కలుపు, ఆమెకది సాయంకాలపు కూర. ఆమె పోగొట్టుకొన్నది కూలి మాత్రమే కాదు. మందు కొట్టిన చేని ఆకును తినరాదు గనుక, చావక మిగిలినదియు నామెకు దక్కలేదు.

అయినను చేతికలుపే యెల్లప్పుడు మేలని చెప్పుటయు న్యాయము కాదు. ప్రొద్దుననుండి మధ్యాహ్నము వరకు నడుము వంచి, యెండలో, బురదలో చేయు పని యది. దానివలని నడుమునొప్పి మన మాటలతో తీరునది కాదు. వయ్యారిభామ యను పిచ్చిమొక్కను ఉత్తచేతులతో పెరికినవారికి ఒడలెల్ల దద్దుర్లు లేచును. ఇది మన పెద్దలెరుగని మొక్క. 1950ల దశకమున పరదేశమునుండి వచ్చి దేశమంతట వ్యాపించినది. ఇంత చేసిన ఆడుకూలికి మగకూలికంటె తక్కువ యిచ్చుట ఆచారమై పోయినది. సమానమైన పనికి సమాన వేతనమీయవలెనని 1976లో చట్టము వచ్చెను. చట్టము వచ్చిన యర్ధశతాబ్దమునకును గట్టుమీది లెక్క అంతగా మారలేదు. ఆ లెక్క మార్చువారు దొరతనమువారు మాత్రమే కారు; సాయంకాలము కూలి లెక్కపెట్టి యిచ్చు చేతులు పలుచోట్ల మనవే.

మందుల సంగతియు కొంత తెలిసియుండవలెను. విత్తిన 48 గంటల లోపల తడినేలపై కొట్టు పెండిమిథాలిన్ మొలచెడి కలుపును మొలకలోనే చంపును. బంగారుతీగ వచ్చు మాగాణులలో దీనిని ఇసుకలో కలిపి, వరిపనలు తీసినంతనే చల్లుటయు కలదు. పైరు 20 దినములదైన పిమ్మట గడ్డిజాతికి క్విజలోఫాప్, ఫెనాక్సాప్రాప్ అనునవియు, గడ్డికిని వెడల్పాకు కలుపునకును గూడ ఇమాజితాపిర్ అనునదియు వాడుదురు. ఈ కడపటిది కొట్టిన కొన్నినాళ్లు మినుము కొంచెము పసుపెక్కి మరల తేరుకొనుట కలదు. కలుపు రెండు మూడాకుల దశలో నున్నప్పుడే యివి పనిచేయును; ముదిరిన కలుపునకు మందెక్కువ పోసినచో పైరునకే కీడు. మోతాదును పొరుగువాని మాటపై గాక, డబ్బాపై వ్రాసిన ప్రకారము, గ్రామములోని రైతు సేవాకేంద్రము వారి నడిగి తెలిసికొనవలెను.

డబ్బాపై నొక గుర్తుండును. అందలి రంగు విషపు తీవ్రతను చెప్పును. ఎరుపు మిక్కిలి తీవ్రము; పసుపు దానికి తరువాతిది; పిమ్మట నీలము; కడపట ఆకుపచ్చ. ఆకుపచ్చయైనంత మాత్రమున నిరపాయమని తలపరాదు. మందును పానీయముల సీసాలలో పోసి యుంచరాదు; బిడ్డల కందనిచోట తాళము వేసి యుంచవలెను. కొట్టివచ్చినవాని బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతుకరాదు. ఉతుకునది మనమే గదా. చేతులకు తొడుగు లేనిదే ముట్టరాదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును మందు కలుపుటకు, కొట్టినచేనిలో దిగుటకు పోరాదు.

మూడవయేడు మేము చేసిన యేర్పాటిది. వేసవిలో లోతుగా దున్నించితిమి. జల్లించిన విత్తనమును సాళ్లుగా వేయించితిమి. ఇరువదవనాడు గుంటక తోలించి, ఆ వెంటనే సాళ్లలోని కలుపునకు నలుగురు కూలివారిని పిలిచితిమి. వారిలో ఆ ముసలమ్మయు నున్నది. మగవారికిచ్చు కూలియే వారికి నిచ్చితిమి. పిడి పొడవైన దోకుడుపార రెండు కొని యిచ్చుటచే కొంతపని నిలువుననే సాగినది. మందు వేయలేదు. పంట మునుపటి మంచియేటికి తీసిపోలేదు. మా చెక్క అర ఎకరము గనుక ఇది సాగినదని మేమెరుగుదుము. పదియెకరముల మాగాణి మినుము గలవాడు కూలివారు దొరకనినాడు మందు పట్టక తప్పదు, వానిని నిందింపము. కాని తొలుత మందు వాడినను, మిగిలిన కలుపునకైన చేతిపని నుంచినచో కూలివారి బ్రతుకును నిలుచును, మందునకు లొంగని కలుపు ముదరకయు నుండును.

ఆ సాయంకాలము ముసలమ్మ యొడి విప్పి పిడికెడు చెంచలికూర మా అత్తగారి చేతిలో పెట్టి, «పప్పులో వెయ్యి తల్లీ» అన్నది. మా అత్తగారు కొంగు పట్టిరి. ఆనాటి రాత్రి మా యింట చెంచలికూర పప్పు. సోదరీమణులారా, రాబోవు పండుగకు మీరు మినుములు చేటలో పోసికొన్నప్పుడు గింజలు శుభ్రముగా నున్నచో, ఎచటనో యొక చేనిలో నొక యాడుది ఆ శుభ్రత కొరకు ముందే వంగినదని తలపవలెను.