ఇంటి నేలకు కొయ్య మేలా, కొయ్యను పోలినది మేలా?

ఇల్లు కట్టునపుడు గోడలను గూర్చియు పైకప్పును గూర్చియు పురుషులు మేస్త్రీతో గంటలకొలది మాటలాడుదురు. నేలను గూర్చిన ప్రసంగము కడపట వచ్చును. కాని ఆ నేలను ప్రతిదినము ఊడ్చి తుడుచునదియు, దానిపై పసిబిడ్డను పారాడనిచ్చునదియు, వృద్ధురాలైన అత్తగారిని చేయిపట్టి నడిపించునదియు గృహిణియే. కావున ఈ విషయమున ఆమె మాటయే ముందుండవలెనని మా యభిప్రాయము.

కొయ్యనేలల మోజు నేడు మన పట్టణములకును వచ్చినది. అంగడిలో నిగనిగలాడు పలకలను చూచి మనసుపడుట సహజమే. అయితే మన సీమ యెట్టిదో మొదట తలచుకొనవలెను. పశ్చిమ కనుమల వానచాటున నున్న అనంతపురపు పీఠభూమికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. గాలివెంట ఎఱ్ఱదుమ్ము ఇల్లు చేరును. వేరుసెనగ ఒక యేడు పండి మరుయేడు ఎండుచోట, ఇంటికై తెచ్చిన అప్పులో ఒక్క రూపాయియు వ్యర్థము కారాదు.

పెద్దల పద్ధతి

మన పాత మట్టిమిద్దెలను గమనింపుడు. స్తంభములు, దూలములు, దంతెలు, ద్వారబంధములు కొయ్యవి. నేల మాత్రము పేడతో అలికిన మన్ను, లేదా పరచిన బండ. చెదలు మన్నులోనుండియే పైకి వచ్చును గనుక నేలనంటిన కొయ్యకు ఆయువు తక్కువ. తాడిపత్రి బండలు మనకు చేరువనే దొరకును. వేసవిలో పాదములకు చల్లగా నుండును. అవి సున్నపురాతి జాతివి గనుక నిమ్మరసము, చింతపండు పులుసు, స్నానపుగదిలో వాడు యాసిడ్డు పడినచో మచ్చలు తప్పవు. ఈ ఒక్క దోషమును కనిపెట్టియున్నచో వానికి సాటివచ్చునది అరుదు.

నిజమైన కొయ్య

కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. ఎండకు తేమ వీడి ముడుచుకొనును. ఈ మార్పు పలక నిడివియందు కంటె వెడల్పునందే హెచ్చు. అందుచేతనే వేసవిలో పలకల నడుమ సందులు పడును. ఆ సందులలో మన దుమ్ము చేరును. కొయ్యయే కావలెనన్నచో టేకు మేలు. అందును ముదురు రంగుగల చేవనే కోరవలెను. లేతరంగు పైపొరను చెదలు త్వరగా తినును. పాత మిద్దె పడగొట్టినపుడు వచ్చు దూలములు ఏండ్ల తరబడి ఆరినవి. మేకులు తీసి, చెద లేదని చూచుకొని కోయించినచో చక్కని పలకలగును. పరచుటకు ముందు పలకలను కొన్నిదినములు ఆ గదిలోనే ఉంచవలెను. గోడ పొడవున అర అంగుళమంత ఎడము విడిచి, దానిని అంచుపట్టీతో కప్పవలెను. అడుగు నేలకు ముందుగానే చెదలమందు కొట్టింపవలెను. అరిగినపుడు తిరిగి చిత్రికపట్టి మెరుగుపెట్టగలుగుట నిజమైన కొయ్యకు గల గొప్పగుణము.

కొయ్యను పోలినవి

ఇవి ముఖ్యముగా నాలుగు రకములు. మొదటిది అడ్డముగను నిలువుగను అతికిన ప్లైవుడ్డుపై పలుచని నిజమైన కొయ్యపొర గలది; ఇది ఒంటికొయ్య పలకకంటె తక్కువగా కదలును. రెండవది లామినేటు. ఇది స్వీడన్ దేశమున 1977లో పుట్టినది. కొయ్యనారను అదిమిచేసిన పలకపై కొయ్యచారల బొమ్మ ముద్రించిన కాగితమును, దానిపై గట్టి పూతను వేయుదురు. అతుకులలో నీరు దిగినచో ఉబ్బును, ఉబ్బినది మరల చదునుకాదు, చిత్రికకును పనికిరాదు. కొనకముందు ఒక ముక్కను తెచ్చి రాత్రంతయు నీటిలో నుంచి చూచినచో దాని గుణము తెలియును. మూడవది వినైలు. నీటికి ఓర్చును గాని ప్లాస్టిక్కు గనుక ఎండ సూటిగా పడుచోట మెత్తబడి వంకరపోవును. నాలుగవది కొయ్యచారలు ముద్రించిన విట్రిఫైడు టైలు. ఇది పీల్చు నీరు నూటికి అరవంతు మించదు. చెదలకు ఆహారము కాదు. నడచునపుడు కొయ్యవలె వెచ్చగా నుండదు, కాని మన వేసవికి అది దోషమా?

టైలు కొనునపుడు నాలుగు విషయములు చూడుడు. అన్ని పెట్టెలమీదను రంగు సంఖ్య ఒక్కటిగా నుండవలెను. ఒకే చారలబొమ్మ పక్కపక్కనే రాకుండ పలకలను కలిపి పరపించవలెను. ఒక పలకను తడిపి వట్టిపాదముతో అడుగిడి, జారునేమో చూడవలెను. వృద్ధులున్న ఇంట మెరుపుకంటె ఇది ముఖ్యము. పగిలినపుడు అదే రంగు మరల దొరకదు గనుక నూటికి పది పలకలు అదనముగా కొని దాచవలెను.

నీటి మాట

నేల కడుగుటకు బిందెలకొలది నీరు కావలెనన్నచో, కరవునాట ఆ బిందెలు మోయునది స్త్రీయే. మన బోరునీరు పెక్కుచోట్ల ఉప్పదనము గలది. ఆరినపిదప నల్లని మెరుపునేలపై తెల్లని మరకలు విడుచును. లేతగోధుమరంగు, గరుకుచారలుగల పలకపై ఆ మరకలును ఎఱ్ఱదుమ్మును అంతగా కనబడవు. ఏ నేలయైనను వాకిట గోనెపట్ట వేసి, మొదట ఊడ్చి, పిదప గట్టిగా పిండిన గుడ్డతో తుడిచిన చాలును. ఊడ్వక తుడిచినచో ఇసుకరేణువులు కొయ్యను, లామినేటును గీరివేయును.

మా సలహా

వంటయింటను, వసారాలోను బండ. నడిమి సావడిలోను, పడకగదులలోను కొయ్యచారల టైలు. నిజమైన కొయ్యమీద మక్కువ తీరనివారికి మేడపైన చెద చేరని ఒక్క గది. ధర్మవరమువలె నేలలో గుంటమగ్గమున్న యిండ్లలో ఆ గదికి కొయ్యజోలి వలదు. గుంటలోని తేమ దానిని నిలువనీయదు.

పొరుగింటి సొగసును చూచి గాక, మన ఎండను, మన నీటిని, మన సంచిలోని సొమ్మును చూచి నేలను ఎన్నుకొందము. నేల కొరకు గృహిణి కష్టపడుట గాక, గృహిణి సుఖము కొరకే నేల యుండవలెను.