పదో తరగతి తర్వాత పుస్తెలా? పుస్తకాలా?

మొవ్వ: పదవ తరగతి పరీక్షలు ముగుస్తాయి. జూనియర్ కళాశాలలు తెరిచేలోగా వేసవి సెలవులు. పెళ్ళి ముహూర్తాలు కూడా ఆ రోజుల్లోనే. డెల్టా పల్లెల్లో ఆడపిల్ల చదువుకు గండం ఈ రెండు నెలలే. "పది అయిందిగా, ఇక చాలదా?" అన్న మాట ఇంట్లో పడిందంటే సంబంధం వెతుకుతున్నారన్నమాటే.

తల్లిదండ్రులది కఠిన హృదయమని కాదు. ఊడ్పులకు, కోతలకు ఇద్దరూ వెళితే పిల్ల ఇంట్లో ఒంటరి. కళాశాల పొరుగూళ్ళో ఉంటుంది. పిల్ల మీద మాట వస్తుందని భయం. ఎక్కువ చదివిస్తే అంతకు మించి చదివిన వరుణ్ణి తేవాలి, కట్నం పెరుగుతుందని లెక్క. మేనరికం ఉంటే ఆ తొందర మరీ ఎక్కువ.

శాసనం పాతదే

శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పుడు వధువు కనీస వయస్సు 14 ఏళ్ళు. 1949లో 15, 1978లో 18 చేశారు. 2006 నాటి చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించినవారికి, ప్రోత్సహించిన పెద్దలకు రెండేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ముందే తెలిస్తే మేజిస్ట్రేటు పెళ్ళిని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇవ్వవచ్చు.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తం మీద ఇది 23.3 శాతమే.

ఆచారం మారదా?

ఈ మండలంలోని కూచిపూడిలో ఒకప్పుడు ఆడపిల్ల గజ్జె కట్టేందుకు వీల్లేదు. సత్యభామ వేషమూ మగవారిదే. నేడు ఆ నాట్యాన్ని దేశదేశాలకు తీసుకుపోతున్నవారిలో ఆడపిల్లలే ఎక్కువ. ఆచారం మారుతుందనడానికి మొవ్వవారికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కరలేదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళయిన దుర్గాబాయి, ఊహ తెలిశాక ఆ బంధాన్ని కాదని చదువుకుని న్యాయవాది అయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

చేయవలసినది

2025 ఆగస్టు 15న పల్లెవెలుగు బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్ ఖర్చు కొంత తగ్గినట్టే. కాని సాయంత్రం తరగతులు ముగిసే వేళకు బస్సు ఉండాలి. బస్టాపులో దీపం వెలగాలి. ఇవి లేకుండా తల్లిదండ్రులకు ధైర్యం చెప్పి లాభం లేదు.

పది రాసిన ఆడపిల్లల పేర్లు ఉపాధ్యాయుల వద్ద ఉంటాయి. జూన్‌లో ఎవరు కళాశాలలో చేరలేదో చూసి, ఆ గడప ఒకసారి తొక్కితే సగం పని అయినట్టే. పెళ్ళి మాట వినిపిస్తే 1098కి ఫోను చేయవచ్చు. పందిరి వేశాక ఆపితే రెండు కుటుంబాలకూ అవమానం, అప్పు మిగులుతాయి. తాంబూలాలకు ముందే నచ్చజెబితే పిల్లకు చదువు దక్కుతుంది, పెద్దలకు పరువూ నిలుస్తుంది.