తోడు నిలిచిన సిపాయిలు

తాగుడుకు బానిసైనవాడికి హితబోధ చేయనివారుండరు. తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. భార్య పిల్లల మీద ఒట్టు వేయించుకుంటుంది. బావగారు వచ్చి గంటసేపు నీతులు చెప్పి వెళతారు. ఆ సాయంత్రమే సీసా మళ్ళీ చేతికి వస్తుంది. మంచిచెడ్డలు తెలియకనా? అందరికన్నా అతనికే బాగా తెలుసు! మరి లోపమెక్కడ? అమెరికాలో ఒక మాజీ సైనికుని బ్రతుకులో ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

ఆయన పేరు విలియం విల్సన్. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫిరంగిదళంలో చిన్న అధికారి. 1917లో, న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవుపట్టణంలో, ఊరి పెద్దలు సైనికాధికారులకిచ్చిన విందుల్లో మద్యం రుచి చూశాడు. సహజంగా బిడియస్తుడు, గ్లాసు చేతికి రాగానే ఆ బిడియం ఎగిరిపోయింది. ఫ్రాన్సు వెళ్ళి, యుద్ధం ముగించుకుని క్షేమంగా తిరిగి వచ్చాడు కాని, గ్లాసు మాత్రం చెయ్యి వదలలేదు. న్యూయార్కు షేర్లబజారులో గడించిన పేరూ డబ్బూ అందులోనే మునిగాయి. భార్య లోయిస్ ఒక పెద్ద దుకాణంలో ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. చివరికి 1934 డిసెంబరులో ఆస్పత్రిలో చేరి, తాగుడు మానుకుని బయటికి వచ్చాడు.

తరువాత కొన్ని నెలలపాటు తాగుబోతుల వెంటబడి బోధించాడు. ఒక్కడూ మారలేదు. కాని చిత్రమేమంటే, ఆ బోధించినన్నాళ్ళూ తాను మాత్రం తాగలేదు!

1935 మే నెలలో వ్యాపారం పనిమీద ఓహియో రాష్ట్రంలోని ఏక్రన్ నగరానికి వెళ్ళాడు. పని చెడింది. హోటలు హాలులో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు మద్యశాల; మరొకవైపు టెలిఫోను. ఆయన టెలిఫోను వైపు నడిచాడు. తనవంటి మరొక తాగుబోతుతో మాట్లాడాలి—అతన్ని ఉద్ధరించడానికి కాదు, తాను నిలబడడానికి! అలా దొరికినవాడు రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. పావుగంట మించి కూర్చోనన్న డాక్టరు ఆరుగంటలు కూర్చున్నాడు. విల్సన్ నీతులు చెప్పలేదు. తన కథ చెప్పుకున్నాడు. తరువాత ఒకసారి కాలు జారినా, జూన్ 10 తరువాత డాక్టరు మళ్ళీ మద్యం ముట్టలేదు. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘానికి అదే పుట్టినరోజు.

ఈ సూత్రమే డెబ్బైయేళ్ళ తరువాత న్యాయస్థానంలో కనిపించింది. న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో నగరంలో రాబర్ట్ రసెల్ అనే జడ్జీ, వ్యసనాలవల్ల నేరాల్లో చిక్కినవారిని జైలుకు బదులు చికిత్సకు పంపే కోర్టు నడిపేవారు. ఒకనాడు వియత్నాం యుద్ధంలో పనిచేసిన ఒకతను, ఏమడిగినా తలవంచుకుని నిలబడ్డాడు. కోర్టు సిబ్బందిలో ఆ యుద్ధం చూసినవారిద్దరున్నారు. జడ్జీ వారిని పిలిచి, అతన్ని బయటికి తీసుకువెళ్ళి మాట్లాడమన్నారు. తిరిగి వచ్చినప్పుడు అతను నిటారుగా నిలబడి, జడ్జీ ముఖంలోకి చూసి, గట్టిగా ప్రయత్నిస్తానన్నాడు. 2008లో రసెల్ మాజీ సైనికులకే ప్రత్యేకంగా కోర్టు నెలకొల్పారు. అక్కడ ప్రతివాడికీ తోడుగా ఒక మాజీ సైనికుడు ఉంటాడు. జీతం లేదు. వాయిదాకు వెంట వస్తాడు, చికిత్స మానకుండా చూస్తాడు, చెప్పింది వింటాడు. ఇప్పుడు అమెరికాలో ఇటువంటి కోర్టులు వందల సంఖ్యలో ఉన్నాయి.

సిపాయికి ఇది కొత్త విద్య కాదు. పక్కవాడు పడితే వదిలి వెళ్ళకూడదని పటాలంలో నేర్చినదే.

అయితే ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక ముందు డాక్టరు, ఆ తరువాతే తోడు.

ఇంట్లోవారి మాటేమిటి? వారికీ తోడు కావాలని గ్రహించిన లోయిస్, తాగేవారి కుటుంబాలకోసం 1951లో 'అల్-అనాన్' సంఘానికి ప్రాణం పోసింది. ఈ రెండు సంఘాలవారూ మన దేశంలోనూ కూడుతుంటారు.

మీ ఇంట అటువంటి వ్యక్తి ఉంటే, ఈసారి ఒట్టు వేయించకండి. ఆ దారిన నడిచి బయటపడ్డవాడినొకణ్ణి వెతికి, ఇంటికి పిలిచి, ఇద్దరికీ కాఫీ ఇచ్చి, మీరు పక్కగదిలోకి వెళ్ళండి.