బెంగుళూరు వంకాయ మెట్టినిల్లు... లాల్‌బాగ్!

శ్రీవారు తెచ్చిన కూరగాయల సంచిలో బెంగుళూరు వంకాయ కనిపిస్తే మీరేం చేస్తారు? పెసరపప్పు వేసి కూటు పెడతారు. పొదుపరులైతే చెక్కు కూడా పారెయ్యకుండా నువ్వులు, పచ్చిమిర్చి వేయించి పచ్చడి నూరేస్తారు. మరి దానికి ఆ పేరెందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

పేరులో వంకాయ ఉందే గానీ, అది వంకాయ జాతి కానేకాదు. సొర, దోస, గుమ్మడికి చుట్టం. పందిరికి పాకే తీగ. పుట్టిల్లు సముద్రాల అవతల మెక్సికో వైపు. బెంగుళూరు దాని మెట్టినిల్లు! అక్కడ దానికి పీట వేసి కూర్చోబెట్టింది లాల్‌బాగ్ తోట.

బెంగుళూరు వెళ్ళినవాళ్ళు లాల్‌బాగ్ చూడకుండా రారు. గాజు మేడ ముందు ఫోటో దిగకుండా అసలే రారు. అయితే ఈ తోట చూసి ఆనందించడానికే వేశారనుకోకండి. ఎక్కడెక్కడి మొక్కనో తేవడం, మన మట్టిలో బతుకుతుందో లేదో చూడడం, బతికితే ఊరికి పంచడం... తరతరాలుగా లాల్‌బాగ్ చేసిన పని ఇదీ!

ముగ్గు వేసినట్టుండే తోట

1760లో హైదర్ అలీ ఈ తోట మొదలుపెట్టాడు. అప్పుడు దాదాపు 40 ఎకరాలే. మన మడకశిరకు దగ్గర్లో ఉన్న శిరా పట్నంలోని మొగలాయి తోట చూసి ముచ్చటపడి, అలాంటిదే కావాలనుకున్నాడట. మొగలాయి తోట అంటే చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. చదరాలు చదరాలుగా మళ్ళు, మధ్యలో తిన్నని దారులు, వాటి వెంట నీళ్ళు. కొడుకు టిప్పు సుల్తాన్ పరాయి దేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి తోటను పెంచాడు.

1799లో టిప్పు మరణించాక తోట ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. 1856లో ప్రభుత్వ ఉద్యానవనమైంది. లండన్‌లోని పేరున్న క్యూ తోటలో పనిచేసినవాళ్ళు ఇక్కడికి అధికారులుగా వచ్చారు.

కామెరాన్ దొర తెచ్చిన కాయ

వాళ్ళలో జాన్ కామెరాన్ ఒకరు. 1874లో వచ్చి 1908 దాకా తోట బాధ్యత చూశారు. మన బెంగుళూరు వంకాయను అక్కడ నాటించింది ఈయనేనని చెబుతారు. ఆ తీగకు మరీ ఎండ పనికిరాదు. సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తున ఉన్న బెంగుళూరు చల్లగాలి దానికి సరిగ్గా సరిపోయింది. ఇంకేం... ఊరి పేరే ఇంటిపేరైంది! అంతేకాదండోయ్, ఆ చుట్టుపక్కల సీమ కూరగాయల సాగు పెరగడంలోనూ లాల్‌బాగ్‌కు పెద్ద వాటా ఉంది.

గాజు మేడ కూడా కామెరాన్ కాలంలోదే. 1889 నవంబరు 30న ఇంగ్లండు రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశారు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను మనసులో పెట్టుకుని ఇనుము, గాజుతో కట్టారు. ఇంగ్లండులో గాజు ఇల్లు మొక్కల్ని చలి నుంచి కాపాడడానికి. బెంగుళూరులో ఆ అవసరం లేదు కదా! ఇక్కడ అది పూల ప్రదర్శనలకు వేదికైంది. ఇప్పటికీ ఏటా రిపబ్లిక్ డేకి, ఆగస్టు పదిహేనుకి జరిగే ప్రదర్శనలకు జనం విరగబడి వస్తారు.

పన్నెండు నెలలూ పూలే!

కామెరాన్ తర్వాత 1908లో జర్మనీ దేశస్థుడు క్రుంబీగల్ వచ్చారు. ఒక చెట్టు పూత రాలేసరికి మరో చెట్టు పూతకు రావాలి, ఊళ్ళో ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట రంగు కనిపించాలి... ఇదీ ఆయన ఆలోచన. వీధుల వెంట చెట్లు అలా ఏరి నాటించారు. తర్వాతి అధికారులూ ఆ బాటే పట్టారు. అందుకే వేసవి మొదట్లో జకరండా ఊదారంగు పరిస్తే, ఎండలు ముదిరేసరికి తురాయి ఎర్రగా అందుకుంటుంది.

తోట మధ్యలో ఓ పెద్ద బండ ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే తప్పక ఎక్కించండి. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు! దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. కొసన కెంపేగౌడ బురుజు నిలబడి ఉంటుంది.

కాపాడుకోకపోతే...

నలభై ఎకరాల తోట ఇప్పుడు 240 ఎకరాలు. చుట్టూ నేల ధర ఆకాశాన్నంటే ఊళ్ళో ఇంత పచ్చదనం ఊరికే మిగల్లేదు. 2009లో మెట్రో రైలు కోసం తోట అంచున కొంత స్థలం తీసుకున్నప్పుడు జనం గట్టిగా నిరసన తెలిపారు. మెట్రో వచ్చింది, స్టేషనూ వచ్చింది. 2025లో సొరంగ రోడ్డుకు లాల్‌బాగ్ నేల కావాలన్న ప్రతిపాదన వచ్చేసరికి మళ్ళీ అభ్యంతరాలు లేచాయి. రోడ్డూ కావాలి, రైలూ కావాలి, నిజమే. కానీ తీసుకున్న గజం నేల తోటకు మళ్ళీ తిరిగి రాదు. పొద్దున్నే నాలుగడుగులు నడవాలన్నా, సాయంత్రం పిల్లల్ని పరుగెత్తనివ్వాలన్నా మనలాంటి మధ్యతరగతి ఇళ్ళకు అలాంటి చోటే గతి. మీ ఊళ్ళోనూ ఓ పార్కు ఉండే ఉంటుంది. దాని గోడ ఎవరైనా జరుపుతుంటే చూస్తూ ఊరుకోకండి.

అన్నట్టు, క్రుంబీగల్ చిట్కా మన పెరట్లోనూ పనికొస్తుంది. వేసవికి మల్లె, వానాకాలానికి జాజి, చలికాలానికి చామంతి, మధ్యలో లోటు రాకుండా కనకాంబరం. నాలుగు కుండీలుంటే చాలు, ఏడాదంతా దేవుడికీ, జడలోకీ పూలు కొనే పని తప్పుతుంది. ఈసారి బెంగుళూరు వంకాయ తరిగేటప్పుడు లోపలి గింజను పిల్లలకు చూపించి, ఈ కథ చెప్పండి. కూర వద్దని పేచీ పెట్టే పిల్లలు కూడా ఓ ముద్ద ఎక్కువే తింటారేమో... ఏమంటారు?